కోడలైన పురుగు

6 ఆగస్టు 2007

తప్పులుంటే మన్నించాలి. ఎవరిని అడుగుతున్నానో నాకే తెలియదు. ఏడో తరగతి సగంలో బడి మాన్పించారు. ఆ తర్వాత రేషన్ షాపులో సంతకం తప్ప ఏమీ రాయలేదు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో మరిచిపోయాను. గీత మీద మొదలుపెట్టిన అక్షరాలు చివరికి వచ్చేసరికి కిందికి జారిపోతున్నాయి. కోడి కెలికినట్టుంది.

ఈ పుస్తకం నాది కాదు. గొర్రెల డాక్టరమ్మ రోహిణిగారు ఇచ్చింది. అట్ట మీద ఆమే రాసింది: పుష్పమ్మ, భర్త శ్రీశైలం, మల్దకల్ మండలం. నా పేరు ఒక పుస్తకం మీద చూసి ఎనిమిదేళ్లయింది. ముందు పేజీల్లో గొర్రెల వివరం రాయాలి. ఒక్కో గొర్రెకు గుర్తు, ఈనిన తేదీ, మాయ పూర్తిగా పడిందా, దగ్గు ఉందా. ఉంటే ఉంది, లేకుంటే లేదు. అంతే.

నేను వెనుక నుంచి తిప్పి రాస్తున్నాను. అత్తకు చదువు రాదు. ఆయనకు వచ్చు కానీ చదవడు.

డాక్టరమ్మ ఇంకొకటి అడిగింది. గొర్రె ఈనిన తర్వాత పడే మాయలోంచి చిన్న ముక్క కావాలట.

“మాయ ముక్క గావాల్నా? ఎందుకు, కూర వండుకుంటవా?” అంది అత్త.

“పరీక్ష చెయ్యాలె ఈదమ్మా. గింతంత ముక్క చాలు.”

“గింతంతయినా మాయ మాయనే. మా ఇంట్ల మాయ బయటికి పోదు. ఒక్కసారి పోయింది. సాలు.”

నా వైపు చూడకుండానే అంది.

మా ఇంట్లో మాయను ఎవరికీ ఇవ్వరు. గొర్రెదైతే దొడ్డి గుమ్మం పక్కన పసుపు వేసి పూడ్చి రాయి పెడతారు. మనిషిదైతే కొత్త కుండలో పెట్టి పెరట్లో పూడ్చాలి. కుక్క నోట పడితే మళ్లీ కడుపు నిలవదంటారు. రెండేళ్ల కింద అయిదో నెలలో నాకు దవాఖానలో పోయినప్పుడు, అత్త బయట కొత్త కుండ పట్టుకొని నిలబడింది. ఎవరూ ఆమెను లోపలికి రానివ్వలేదు. మాయను బకెట్లో వేసి ఎక్కడో పడేశారు. ఖాళీ కుండను ఒళ్లో పెట్టుకొని అత్త బస్సులో నా పక్కనే కూర్చుంది. ఊరి పొలిమేరలో దిగి దాన్ని రాయికేసి కొట్టింది.

పోయినేడు మళ్లీ అయిదో నెలలోనే పోయింది. అప్పుడు ఇంట్లోనే. కుండ తేలేదు.

14 ఆగస్టు

ఈ నెల కూడా బయట కూర్చున్నాను. మా ఇంట్లో దేవర ఉంది కాబట్టి ముట్టయిన మూడు రోజులు లోపలికి పోకూడదు. గొర్రెల కొట్టంలో ఒక మూల చాప, గ్లాసు, పళ్లెం. నీళ్లు తోడక్కర్లేదు, పొయ్యి అంటించక్కర్లేదు. ఈనే గొర్రెలను చూసుకోవడమే పని.

నాకు ముట్టు రాలేదు. రెండు నెలలైంది. అయినా కూర్చున్నాను. ఉత్త బట్టను ఉతికి కంప మీద ఆరేశాను, అత్తకు కనబడేలా.

ఎవరికీ తెలియకపోతే, పోయినా ఎవరికీ తెలియదు.

21 ఆగస్టు

డాక్టరమ్మ వచ్చింది. అరుగు మీద కూర్చొని టీ తాగింది. ఆమె ముందు నాకు నోరు రాదు. ఈ రోజు ఎట్లాగో అడిగాను.

“డాక్టరమ్మా, మాయ ఎందుకు ఊడిపోతది? గొర్రెకు.”

గొర్రెకు అని చివర కలిపాను.

ఆమె గ్లాసు కింద పెట్టి చాలాసేపు చెప్పింది. నాకు అర్థమైనంత రాస్తాను. వైరస్ అనే పురుగు కంటికి కనబడదట. మామూలుగా అయితే వస్తుంది, జబ్బు చేస్తుంది, పోతుంది. కానీ ఎప్పుడో లక్షల ఏళ్ల కింద ఒకటి గొర్రె గుడ్డులోకే దూరింది. ఆ గుడ్డుతో పుట్టిన పిల్లకు ఒళ్లంతా ఆ పురుగు రాతే. దాని పిల్లకూ అదే, ఆ పిల్ల పిల్లకూ అదే. ఇక బయటికి పోలేదు. మనుషులకు కూడా ఇట్లాగే వేరేది దూరిందట. ఆవుకు ఇంకొకటి.

“అంటే ఇల్లరికం అల్లుడు అన్నట్టు. తిని పండుకుంటడు, పోమన్నా పోడు,” అన్నాడు ఆయన.

“అల్లుడు గాదు శ్రీశైలం, కోడలు,” అంది డాక్టరమ్మ. “బయటి నుంచే వచ్చింది. కానీ ఇప్పుడు ఆమె లేకుంటే ఇంట్ల పొయ్యి అంటుకోదు. ఆ పురుగుకు ఒక్క విద్య వచ్చు. పోయి అంటుకునుడు, అంటుకొని ఒకటైపోవుడు. కడుపుల పిల్ల పడ్డప్పుడు మాయ తల్లికి అతుక్కోవాలె గద? ఆ పని ఇప్పుడు చేసేది ఆ పాత పురుగు రాతనే. గొర్రెల దాన్ని పనిచేయకుండ ఆపి చూసిండ్రు. ఇరవై రోజులకే కడుపు పోయింది.”

“మరి గొర్రెలు దగ్గి దగ్గి సచ్చేది?” అన్నాడు ఆయన.

“అది దీని చుట్టమే. కానీ ఇంట్లకు రాలేదు. బయటనే తిరుగుతది. ఒక గొర్రె ఊపిరి నుంచి ఇంకో గొర్రెకు పోతది, ఊపిరితిత్తుల గడ్డలు పెడతది. అందుకే దగ్గు రాయమంటున్న.”

అత్త చేటలో వేరుశెనగ చెరుగుతూ అన్నీ వింటోంది. “అందరికి ఉంటదా ఆ పురుగు?”

“అందరికి.”

“మరి మా కోడలికి రెండు మాట్ల కడుపు ఎందుకు నిలువలే? ఈమె పుట్టింటోళ్లకు ఆ పురుగు దొరకలేదు గావచ్చు.”

ఆయన నవ్వబోయి ఆగాడు. డాక్టరమ్మ అత్తకు ఏదో చెప్పింది. నేను వినలేదు. గ్లాసులు తీసుకొని లోపలికి పోయాను.

మా అమ్మకు ముగ్గురు పోయారు. ఆ తర్వాతే నేను.

29 ఆగస్టు

బొల్లిది దగ్గింది. దుమ్ము.

2 సెప్టెంబరు

బొల్లిదంటే మొహం మీద తెల్ల మచ్చ ఉన్న గొర్రె. నేను వచ్చిన ఏడాదే పుట్టింది, సీసాతో పాలు పట్టి పెంచాను. మూడు ఈతలు ఈనింది. ఒక్కసారి కూడా పోలేదు. మాయ ప్రతిసారీ నిండుగా పడింది. ఇప్పుడు నాలుగోది కడుపులో ఉంది.

తొట్టిలో నీళ్లు తాగడానికి తల వంచితే ముక్కులోంచి తేట నీళ్లు కారాయి. దారం లాగా. దగ్గుతో పాటు డాక్టరమ్మ చూడమన్నది ఇదే.

పుస్తకం ముందు పేజీ తీశాను. బొల్లి, దగ్గు: లేదు.

వేరుశెనగ పొట్టు దుమ్ము కూడా ఉంది కదా. దుమ్ముకు ఎవరైనా దగ్గుతారు.

12 సెప్టెంబరు

మళ్లీ బయట కూర్చున్నాను. చాప బొల్లిదాని పక్కకు జరుపుకున్నాను. దాని వీపుకు నా వీపు ఆనించి కూర్చుంటే దాని ఊపిరి గురగురమని నా ఒంట్లోకి వినిపిస్తుంది. డాక్టరమ్మ చెప్పింది కదా, ఊపిరి నుంచి పోతుందని. అంటుకునే విద్య వచ్చిన పురుగని.

నాకు లేనిది దానికి ఎక్కువైంది. అంతే నేను అనుకున్నది. ఇంకేమీ అనుకోలేదు.

14 సెప్టెంబరు

పొద్దున బొల్లిది ఈనింది. ఆడపిల్ల. నేను మాయ ముట్టకూడదు కాబట్టి అత్తే వచ్చి పూడ్చింది. “మాయ జూడు, ఎంత నిండుగ పడ్డదో,” అంది గొర్రెతోనే. దాని మెడ నిమిరింది. అత్త అట్లా నిమరగా నేనెప్పుడూ చూడలేదు.

పిల్ల తాగిన తర్వాత గ్లాసులోకి నాలుగు చుక్కలు పిండుకున్నాను. పచ్చివే తాగాను. ఉన్ని వాసన.

ఇక రోజూ తాగుతాను.

22 సెప్టెంబరు

ఆయన బొల్లిదాన్ని పెబ్బేరు సంతకు తోలుతానన్నాడు.

“దాని ఎముకలు లెక్కవెట్టొచ్చు. ఈనినంక గడ్డి ముడ్తలేదు. గట్టిగ దగ్గకముందే అమ్మేస్త.”

“పాలు తాగే పిల్ల ఉంది. ఇప్పుడెట్ల?”

“పిల్లను నువ్వు సాదుతవు. దాని తల్లిని సాదలేదా?”

“దుమ్ముకు దగ్గుతుంది. నేను చూసుకుంట.”

ఆయన నన్ను కాసేపు చూశాడు. “నీకు ఆ గొర్రె మీదున్న ప్రేమ, పావురంల సగం నా మీద లేదు గదనే పుష్పీ.” నవ్వుతూనే అన్నాడు. చేను నుంచి వచ్చాడు, కాళ్లకు ఎర్రమట్టి ఎండిపోయి ఉంది. చెబుదామనుకున్నాను. నోటి దాకా వచ్చింది. అప్పుడే అత్త పిలిచింది.

అత్త పిలవలేదు. నేనే లేచిపోయాను.

27 సెప్టెంబరు

దగ్గు గడిలో పేజీ అంతా లేదు, లేదు, లేదు. డాక్టరమ్మకు అనుమానం వస్తుందనిపించింది. నల్లచెవిదానికి, కుంటిదానికి, ఎర్రదానికి ఉంది అని రాశాను. అవి కూడా ఎప్పుడో ఒకసారి దగ్గే ఉంటాయి.

వండాలంటే విసుగు. నిలబడాలంటే విసుగు. నీళ్ల బిందె ఎత్తేముందు ప్రతిసారీ ఊపిరి బిగపడుతున్నాను.

3 అక్టోబరు

ఈ రోజే రాయాలి. రేపటికి మరిచిపోయి ఇంకో రకంగా రాసుకుంటాను. నాకు ఆ అలవాటు ఉందని తెలిసింది.

పదకొండు గంటలకు జీపు వచ్చింది. డాక్టరమ్మ నా పుస్తకం తీసుకొని దగ్గు గడి మీద వేలు పెట్టి చదివింది. నల్లచెవిది, కుంటిది, ఎర్రది.

“శ్రీశైలం, ఈ మూడింటిని నేను తీస్కపోత. కోసి ఊపిరితిత్తులు చూడాలె. మందల ఉంచితే అన్నిటికీ పాకుతది.”

“నల్లచెవిది కడుపుతోని ఉన్నది డాక్టరమ్మా. ఇంక నెల,” అన్నాడు ఆయన.

“తెలుసు. ఏం చెయ్యాలె మరి? పుష్ప మంచిగ రాసింది, దీన్ని నమ్ముకునే చేస్తున్న.”

డాక్టరమ్మతో జీపులో వచ్చిన అతను నల్లచెవిదాని మెడకు తాడు వేశాడు. అది పొట్ట వేలాడేసుకొని ముందుకు నడిచింది. అరవలేదు కూడా.

“అది గాదు,” అన్నాను.

ఎవరూ వినలేదు. మళ్లీ అన్నాను. “అది గాదు డాక్టరమ్మా. బొల్లిది.”

డాక్టరమ్మ కొట్టంలోకి పోయి బొల్లిదాని వెనుక కాళ్లు పట్టి పైకెత్తింది. ముక్కు నుంచి నీళ్లు కారాయి. ఆగలేదు. నేల మీద మడుగు కట్టింది. ఆమె మెల్లగా కాళ్లు దించి నా వైపు తిరిగింది.

“లేదని రాసినవ్. ఎందుకు?”

“నాకు గూడ నిలవాలని.”

“ఏంది నిలవాలె?” అన్నాడు ఆయన.

అత్తకు ముందు అర్థమైంది. చేతిలో చేట అట్లాగే ఉంది. “ఎన్నో నెల?”

“నాలుగు పడ్డది.”

“మరి నెల నెల బయట కూసుంటివి గదనే! నేనే నీకు అన్నం తెచ్చి పెడ్తి!”

నేను నేల చూస్తూ అంతా చెప్పేశాను. చాప, ఊపిరి, పాలు, ఆ పురుగు నాకంటితే కడుపు నిలుస్తుందనుకోవడం. చెబుతుంటే నాకే పిచ్చిదాని మాటల్లా వినిపించాయి. ఆయన గోడకు ఆనుకొని కూర్చుండిపోయాడు.

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. “ఇది మనుషులకు అంటినట్టు ఎవ్వరూ చూడలేదు, భయపడకు. కానీ పచ్చిపాలు తాగొద్దు, వేరే జబ్బులొస్తయ్. ఇంకోటి విను. ఆ రోజు మీ అత్తకు చెప్పిన, నువ్వు లేచిపోయినవ్. మన పాత పురుగు నీకున్నది. ప్రతి ఆడమనిషికి ఉన్నది. మాయ అంటుకోకుంటే నెల గూడ నిలవదు. నీకు రెండుసార్లు అయిదో నెల దాక నిలిచింది. అంటే మాయ మంచిగనే అంటుకున్నది. మరి పోయేటప్పుడు నొప్పులొచ్చినయా?”

“రాలేదు. బిందె ఎత్తుతుంటే ఊరికే జారింది.”

“రెండుసార్లూ?”

“రెండుసార్లు. మొదటిసారి అట్ల జారుడు మొదలైతేనే దవాఖానకు తీస్కపోయిండ్రు.”

“అయితే గర్భసంచి మూతి వదులేమో. నేను గొర్రెల డాక్టర్ను, నా మాట పట్టుకోవద్దు. మనుషుల డాక్టర్ చూడాలె. ఇయ్యాలనే. కర్నూలు పోదాం.”

“దవాఖానకా?” అంది అత్త. “మళ్ల బకెట్ల ఎయ్యనీకా?”

బొల్లిది దగ్గింది. అత్త చేట గోడకు ఆనించింది, లోపలికి పోయింది. నా చెప్పులు, తన సంచి పట్టుకొని వచ్చింది. అందరికంటే ముందు పోయి జీపులో కూర్చుంది.

“నేను గూడ వస్త. ఈసారి లోపలికి వస్త. ఎవడాపుతడో జూస్త.”

6 అక్టోబరు

సంచి మూతికి కుట్టు వేశారు. మూటకు తాడు బిగించినట్టు, అని నర్సు చెప్పింది. ఇంక రెండు మూడు వారాలు ఆలస్యమైతే పనికొచ్చేది కాదట. ఇప్పుడైనా నమ్మకంగా చెప్పలేమన్నారు. మంచం దిగొద్దు, బరువు ఎత్తొద్దు.

అత్త వార్డులో మూడు రోజులూ నా మంచం కిందే పడుకుంది. ఆయాతో రెండుసార్లు పోట్లాడింది.

9 అక్టోబరు

బొల్లిదాన్ని తీసుకుపోయారు. నేను ఊళ్లో లేనప్పుడే. డాక్టరమ్మ చూసిందట, ఊపిరితిత్తులు కాలేయం లాగా గట్టిపడి ఉన్నాయట.

ఇంకా ఉంది. ఆ కొట్టంలో బొల్లిదానితో పాటు కట్టేసిన పదకొండింటికీ అంటి ఉండొచ్చు. ఇప్పుడే బయటపడదు. ఏడాదికో రెండేళ్లకో దగ్గు మొదలవుతుంది. అంతవరకు వాటిని అమ్మకూడదు, ఊరి మందతో కలిపి మేపకూడదు. బొల్లిదాని పిల్ల కూడా అందులోదే.

ఆయన పొద్దున రెండు మందలను రెండు దిక్కులకు తోలుతున్నాడు. ఒక్కడే. నాతో మాట్లాడడు. కంచం మంచం దగ్గర పెట్టి పోతాడు.

18 అక్టోబరు

వీధిలో బతుకమ్మ పాటలు. చప్పట్లు మాత్రమే వినిపిస్తున్నాయి నాకు. అత్త బతుకమ్మలోంచి ఒకే ఒక్క గునుగు పువ్వు తెచ్చి మంచం కోడుకు కట్టింది.

20 అక్టోబరు

ఈ రోజు ఆయన వచ్చి నా కాళ్ల దిక్కున మంచం కింద రెండు ఇటుకలు పెట్టాడు. డాక్టరు చెప్పిందట. పెట్టి, అక్కడే కూర్చున్నాడు.

“గొర్రెకు చెప్పుకున్నవ్. నాకు చెప్పలే.”

“మళ్ల పోతే నీ మొహం చూడలేనని.”

“నా మొహం గంత అధ్వానంగున్నదా?”

నవ్వలేదు ఇద్దరం. కానీ ఆయన లేచిపోలేదు. ఇటుక కదులుతోందేమో అని చేత్తో పట్టుకొని కూర్చున్నాడు.

25 అక్టోబరు

అయిదో నెల. ఉంది.

31 అక్టోబరు

ఉంది.

4 నవంబరు

ఉంది. నల్లచెవిది ఈనింది. డాక్టరమ్మ ఐసు డబ్బాతో వచ్చింది. అత్త చాలాసేపు గుమ్మం దగ్గరే నిలబడి, చివరికి తనే కత్తితో మాయ కొస కోసింది. “గింతంతే,” అంది. మిగతాది పసుపు వేసి పూడ్చింది.

5 నవంబరు

మొదటిది పోయింది కడుపులో ఇన్ని దినాలు నిండినప్పుడే, లెక్కపెట్టాను. పొద్దంతా కళ్లు మూసుకోలేదు.

6 నవంబరు

ఉంది.

15 నవంబరు

కదిలింది. ఇంతకు ముందే కదిలి ఉంటుంది, నేను నమ్మలేదు. నమ్మి రాస్తే ఏమవుతుందో అని నిన్న రాయలేదు.

2 డిసెంబరు

ముందు పేజీలు దిద్దాను. బొల్లి పేరుకు ఎదురుగా లేదు కొట్టేసి ఉంది రాశాను, ఆగస్టు 29 నుంచి. మిగతా మూడింటికి ఉంది కొట్టేసి లేదు రాశాను. పక్కన నా సంతకం పెట్టాను. పేజీ అసహ్యంగా కనిపిస్తోంది. కానీ నేను రాసిన దానిలో నిజమైన పేజీ అదొక్కటే.

పడుకొని పడుకొని వీపు పుండయింది. అలసట కూడా పాతబడింది.

27 డిసెంబరు

ఏడో నెల. మార్చిలో కుట్టు విప్పుతారట. అప్పటి దాకా ఏదీ ఖాయం కాదని డాక్టరు ప్రతిసారీ చెబుతుంది. నేను తల ఊపుతాను.

మధ్యాహ్నం అత్త గద్వాల నుంచి వచ్చింది. బస్సు దిగి నడిచి వచ్చినట్టుంది, మొహమంతా దుమ్ము. చంకలో గుడ్డ చుట్టి ఏదో ఉంది. నన్ను చూసి ఆ చెయ్యి పక్కకు తిప్పుకుంది. ధాన్యం గంప వెనుక మూలలో దాన్ని దించింది. గుడ్డ కొంచెం జారింది.

కొత్త కుండ. మూత కూడా ఉంది.

“ఏంది అత్తా అది?”

“ఏం లేదు. పండుకో.”

కాసేపటికి ఆయన వచ్చి మూలకు చూశాడు, అత్తను చూశాడు, నన్ను చూశాడు. బయటికి పోయి గొర్రెలను అదిలించడం మొదలుపెట్టాడు. అవి కదలకుండా నిలబడే ఉన్నాయి.

బొల్లిదాని పిల్ల ఇంతవరకు దగ్గలేదు. మంచం మీది నుంచే రోజూ చెవి పెట్టి వింటున్నాను.

పుస్తకం అయిపోవచ్చింది. ముందు పేజీలకూ వెనుక పేజీలకూ మధ్య మూడు ఆకులే మిగిలాయి. ముందు పేజీలు చింపకుండా డాక్టరమ్మకు ఇవ్వాలి, అవి ఆమెవి. ఈ వెనుక పేజీలు ఎవరి చేతికైనా దొరికితే, చదవకండి. చదివేసి ఉంటే ఎవరికీ చెప్పకండి. పొయ్యిలో పెట్టేయండి. బిడ్డకు నీళ్లు పోసే రోజు దొరికితే మంచిది, ఆ నీళ్లు కాగడానికి పనికొస్తాయి.